గవాక్షిలోకి దింపిన పాటలు

మా పక్కింటి మామ పోయినాడన్న కబురు నాకు కర్నూల్లో, హాస్టలు మెట్ల మీద, ఒక శనక్కాయల లారీ ఆయన నోటిగుండా అందింది. నూనె మిల్లుకు సరుకు తెచ్చిన మా డోన్ మనిషి ఆయన. మా అమ్మ పంపిన సజ్జరొట్టెల మూట నా చేతిలో పెట్టి, "రొట్టెల్లో నువ్వులు బాగా వేసిందంట మీ అమ్మ. మీ పక్కింటి సెట్టి పోయినాడు" అన్నాడు. రెండు సంగతులూ ఒకే ఊపిరిలో.

"ఎట్లా?" అన్నాను.

"అంగట్లో కూచున్నోడు కూచున్నట్టే. గ్రామఫోన్లో పాట పెట్టుకోని బట్టల మూటకు ఆనుకున్యాడంట. ప్లేటు అయిపోయి ముల్లు గర్రుగర్రుమని గీకుతాండాదంట. సెట్టి ప్లేటు అరగనిచ్చే రకం కాదే అని అనుమానమొచ్చి లేపినారంట. యాడ లేస్తాడు."

పోయినవాళ్ళను గురించి రాసేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయని, పాఠక మహాశయులారా, బి.ఏ. దాకా చదివినందుకు నాకూ తెలుసు. ఆయన లేని లోటు తీరనిది అనాలి. ఆయన చెయ్యి పెద్దది, మనసు వెన్న అనాలి. మా మామ చెయ్యి పెద్దది కాదు. గజంబద్ద కంటె వేలెడు కూడా పక్కకు జరగని చెయ్యి అది. మనసు మాత్రం వెన్నే, ఒప్పుకుంటాను. వెన్నతో వచ్చిన చిక్కేమంటే ఎవరు వేలు పెట్టినా గుంట పడుతుంది. నేను రాయబోయేది ఆ గుంటల గురించి.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాదు. మా నాయన రైల్వేలో బుకింగు గుమాస్తా. డోన్ జంక్షనుకు బదిలీ అయి వచ్చి ఇల్లు దొరక్క అల్లాడుతుంటే, తన గోడకు ఆనుకున్న వాటా మాకిచ్చి, మొదటి వారంలోనే మా అమ్మ చేత "అన్నా" అనిపించుకున్నాడు. ఆ లెక్కన నాకు మామ అయినాడు. బజార్లో బట్టలంగడి. అన్నదమ్ములిద్దరిదీ కలిసే ఉన్న ఇల్లు, వ్యాపారం. పెద్దసెట్టిది మాట, చిన్నసెట్టిది పని. చిన్నసెట్టే మా మామ.

అంగట్లో బాకా ఉన్న గ్రామఫోను ఒకటి ఉండేది. బేరానికి వచ్చినవాళ్ళు కాసేపు నిలబడాలని పెట్టినారు. పగలు దాని మీద హుషారు పాటలు తిరిగేవి. ఆ పాటల మీద మామకు పెద్ద గౌరవం ఉండేది కాదు. వాటిని కూడా గజాల్లెక్కన అమ్మేవాడు. ఆయన అసలు ఆస్తి వేరే ఉంది. ఒక కొయ్యపెట్టెలో, ఒక్కో ప్లేటుకూ పాత పంచె గుడ్డ ముక్క చుట్టి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టినవి. రాత్రి ప్లేట్లు. పగలు వాటిని బయటికి తీయడు, ఎవరినీ తాకనివ్వడు. జ్వరం తగ్గి లేచినట్టు బొంగురు గొంతుతో పాడే ఒకావిడ. పద్యం అయిపోయినాక కూడా రాగం వదలలేక నాలుగు వీధులు తిరిగొచ్చే నాటకాలాయన. ఊపిరి తీసుకునేది కూడా వినిపించేటట్టు పాడే హైదరాబాదు ఉర్దూ గాయకుడు. వీళ్ళందరూ ఆయన చుట్టాలు. వాళ్ళను ఊరి చుట్టాలకంటె బాగా చూసుకునేవాడు.

మామకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. అంగడి ముందర మిషను పెట్టుకున్న దర్జీ సాయిబు అర్థం చెప్పాల్సిందే. ప్లేటు రాత్రి విని, పొద్దున్నే సాయిబును అడిగేవాడు, తనకు నోటికొచ్చిన నాలుగు మాటలు ఒప్పజెప్పి.

"ఇట్లన్యాడు సాయిబూ. ఏమంటాండాడు?"

"ఏముండాది సెట్టీ. ఆమె రాలేదంటాండాడు."

"రెండో చరణంలో?"

"అప్పుడు కూడా రాలేదు."

"ప్లేటు తిప్పినాక?"

సాయిబు దారం పంటితో కొరికి, "సెట్టీ, ఆమె వచ్చింటే ఆయప్ప పాడుతాడా? నిద్రపోయిండడూ" అనేవాడు.

మామ మటుకు నవ్వేవాడు కాదు. "రాత్రిపూట పాడేవాడు మనల్ని పిలవకూడదు రా అబ్బీ" అని నాకు చెప్పేవాడు. "వాడి పాటికి వాడు పాడుకుంటాండాల. మనమే పోయి పక్కన కూచోవాల." ఇంత మంచి విమర్శ మా కాలేజీలో ఏ పంతులూ చెప్పలేదు. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఈ మాట ఎగతాళికి అనడం లేదు.

ఇక తుమ్మముల్లు సంగతి. గ్రామఫోనుకు ఇనపముల్లు వాడతారని అందరికీ తెలుసు. మామ పగలు ఇనపముల్లే పెట్టేవాడు. రాత్రి ప్లేట్లకు మాత్రం తుమ్మముల్లు. రైలుకట్ట పక్క తుమ్మచెట్ల కింద ధోవతి పైకి దోపుకోని, వంగి ముండ్లు ఏరుతున్న బట్టల సెట్టిని చూసి లైను కూలీలు నిలబడి మరీ నవ్వేవాళ్ళు.

"ఏం సెట్టీ, అందరూ ముల్లు గుచ్చుకుంటే ఏడుస్తారు, నువ్వేంది ఏరుకుంటాండావు?"

"గుచ్చుకునేదాన్నే ఏరుకుంటాండా లేప్పా. మొద్దుది నాకెందుకు."

ఏరిన ముండ్లను ఎండబెట్టి, శనగనూనెలో నానేసి, తుడిచి, అడకత్తెరతో కొన ఏటవాలుగా కోసేవాడు. వక్క కత్తిరించినంత తేలిగ్గా. ఆ ముల్లు పెడితే పాట పాడదు, గొణుగుతుంది. పక్కన కూచున్నవాడికి తప్ప వినిపించదు. "ఇనపముల్లు ఊరికి పాడతాది. తుమ్మముల్లు చెవిలో చెప్తాది" అనేవాడు మామ. ఊరు మాత్రం దీనికి తనకు తెలిసిన అర్థమే చెప్పుకుంది. కోమటాయన ఇనపముల్లు డబ్బాకు కూడా దుడ్లు తీయలేక చెట్ల మీద పడినాడని. బజారంతా ఆ మాట తిరిగింది. మామ ఖండించలేదు. పిసినారి అనిపించుకోవడం ఆయనకు ఎందుకంత సౌకర్యమో నాకు తర్వాత తెలిసింది.

మామకు ఒక్కతే కూతురు. భార్య ఆ బిడ్డ చిన్నప్పుడే పోయింది. వరస ప్రకారం నాకు వదిన. వదినను ఎగతాళి చేసే హక్కు మరిదికి పుట్టుకతోనే వస్తుంది, దానికి దస్తావేజు అక్కర్లేదు. మా వదిన ఆ విషయంలో నాకంటె రెండాకులు ఎక్కువే చదివింది. నేను మొదటిసారి క్రాపు పెట్టించుకోని వచ్చిన రోజు గోడమీంచి చూసి, "అత్తా, మీ అబ్బి నెత్తిన కాకి గూడు పెట్టినట్టుండాది. తోలొద్దండి, గుడ్లుంటాయి" అని మా అమ్మతో అన్నది. బదులు చెప్పడానికి నాకు వారం పట్టింది. వదిన ఎనిమిదో తరగతి పాసైంది. మా వీధిలో అప్పటికి అంత చదివిన ఆడపిల్ల లేదు.

రాయచోటిలో ఇచ్చి పెండ్లి చేసినారు. కొన్ని నెలలకే ఆ అబ్బాయి విషజ్వరంతో పోయినాడు. వదిన తెల్లచీరతో తిరిగొచ్చింది. చూడటానికి పోయిన రోజు నాకేం తోచక, పాత అలవాటు కొద్దీ, "ఏం వదినా, రాయచోటి నీళ్ళు పడలేదా" అన్నాను. వదిన పెదవి ఒక కొస కదిలింది. అంతలో మా అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తుంది. మొగుడు పోయినదానితో పరాచికాలా అని. ఆ రోజుతో మరిది హక్కు రద్దయింది. నాతో పాటు వీధి వీధంతా ఆమెను చూస్తే మొగం వేలాడదీయడం నేర్చుకుంది.

ఆమెకు ఇంట్లో వెనకగది ఇచ్చినారు. కిటికీ లేని గది. పెద్దసెట్టి పొద్దున అంగడికి బయలుదేరేవరకు ఆమె నడవలోకి రాకూడదు. ఎదురైతే బేరం చెడుతుందని. మా పక్క మట్టిమిద్దెలకు వెలుతురు కోసం పైన ఒక బొక్క వదులుతారు, గవాక్షి అంటాం. వానొస్తే దాని మీద పగిలిన కుండపెంకు మూస్తారు. ఆ గదిలోకి ఆకాశం రావడానికి ఉన్నది ఆ బొక్క ఒక్కటే. ఇక ఆ ఇంట్లో పాట అనేది ఉండకూడదని పెద్దసెట్టి శాసనం. అంగట్లో ఉండవచ్చు, అక్కడ అది వ్యాపారం. ఇంట్లో ఉంటే అది సంతోషం. మొగుడు పోయిన పిల్ల ఉన్న ఇంట్లో సంతోషమేంది.

ఎండాకాలం మా ఊళ్ళో అందరూ మిద్దెల మీదే పడుకుంటారు, పెద్దసెట్టి మటుకు వీధి అరుగు మీద. మిద్దెలు ఒకదానికొకటి భుజాలు ఆనించుకోనుంటాయి కాబట్టి, ఎవరి గురక ఎవరిదో కూడా తెలుస్తుంది. ఒక సెలవుల్లో నేను అట్లా పడుకోని ఉంటే, పక్క మిద్దె మీద ఎవరో రహస్యం చెబుతున్నట్టు వినిపించింది. లేచి పిట్టగోడ మీంచి చూస్తే మామ. అంగట్లోని గ్రామఫోను పెట్టెను దొంగల భయం అని చెప్పి రాత్రిళ్ళు ఇంటికి తెచ్చుకునేవాడు, దాన్ని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, బాకాను వంచి తిప్పి, దాని మూతి సరిగ్గా గవాక్షి మీద పెట్టినాడు. చుట్టూ తడి గోనెపట్ట కప్పినాడు. లోపల తుమ్మముల్లు మీద ఆ బొంగురు గొంతు ఆవిడ తిరుగుతా ఉంది. పాట ఎటూ పోకుండా, చేద బావిలోకి దిగినట్టు, తిన్నగా కిందికి దిగుతా ఉంది.

"ఎవరికి మామా కచేరీ?" అన్నాను.

నోటి మీద వేలు పెట్టి, ఆ వేలే కిందికి చూపించినాడు. నేను గోడ దాటి పోయి పక్కన కూచున్నాను. ప్లేటు అయిపోయింది. కిందినుంచి ఇత్తడి లోటా మీద వేలితో కొట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది, ఒక్కసారి.

"ఇన్యావా" అన్నాడు మామ నా చెవిలో. కండ్లు నీళ్ళతో మెరుస్తున్నాయి. "ఇంకోటి పెట్టమంటాంది. దానికి నిద్ర రాదు రా అబ్బీ. పొద్దస్తమానం ఏడుపు మింగుకోనుంటాది. ఈ పాటలింటే కడుపులోది కరుగుతాది. మా అన్న చెవినబడిందా, పెట్టె పగలగొడతాడు."

ఇంకో ప్లేటు పెట్టినాడు. నాటకాలాయన నాలుగు వీధులు తిరిగొచ్చినాడు. లోటా మళ్ళీ మోగింది. మామ మళ్ళీ పెట్టినాడు. తుమ్మముల్లు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఊరంతా పిసినారి అని నవ్వుతున్న మనిషి, కూతురి కోసం ఊరి నవ్వును కంబళిలా కప్పుకున్నాడని, ఇంతకంటె పెద్ద ప్రేమ పుస్తకాల్లో కూడా లేదని అనుకున్నాను. నాకు అప్పుడు పద్దెనిమిదేండ్లు. ఆ వయసులో అట్లా అనుకోవడం నేరం కాదు.

మూడేండ్ల కింద, కర్నూలు ఇంకా రాజధానిగా ఉండి, గుడారాల్లో ఆఫీసులు పెట్టుకున్న కాలంలో, ఎనిమిదో తరగతి పాసైన ఆడవాళ్ళకు టీచరు ట్రైనింగు ఇస్తారని, ఉండటానికి హాస్టలు కూడా ఇస్తారని తెలిసి నేను ఒక దరకాస్తు ఫారం తెచ్చినాను. మా అమ్మ దాన్ని తీసుకోని తిన్నగా పక్కింటికి పోయింది, నన్ను వెంటబెట్టుకోని.

"అన్నా, ఈ పిల్లను ఎన్నాళ్ళు ఆ గదిలో పెడతావు? సంతకం చేసియ్యి. మా వాడు కర్నూల్లోనే ఉండాడు, చూసుకుంటాడు."

మామ ఫారాన్ని రెండు వైపులా తిప్పి చూసినాడు, ప్లేటును చూసినట్టే. అప్పుడు నడవ తలుపు వెనకనుంచి వదిన గొంతు వచ్చింది. రాయచోటి నుంచి వచ్చినాక అంత తేటగా ఆ గొంతు వినడం అదే మొదలు.

"నేను పోతా నాయనా. నాకు పోవాలనుండాది."

"సరేమ్మా" అన్నాడు మామ. ఫారం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అన్నతో ఒక మాట చెప్తా."

ఆ మాట ఆయన చెప్పినాడు. పెద్దసెట్టి బదులు మా ఇంటిదాకా వినిపించింది. "మన ఇంటి ఆడది ఊళ్ళోవాళ్ళ పిల్లకాయల ముక్కులు తుడిచి జీతం తెచ్చుకుంటాదా? రేపు నా మనవరాండ్లకు సంబంధాలు వస్తాయా? నువ్వు తండ్రివా, బ్రోకరువా?" దాని తర్వాత మామ ఏమన్నాడో వినిపించలేదు. తుమ్మముల్లు గొంతు కాబట్టి వినిపించలేదేమో అని మా అమ్మ, నేను గోడకు చెవులానించినాం. ఏమీ అనలేదు. ఆ వారమే మామ కర్నూలు పోయి మూడు కొత్త ప్లేట్లు తెచ్చినాడు. మూడూ రాత్రివే.

నేను ఊరుకోలేక అంగడికి పోయినాను. మామ ఎవరికో కోరా గుడ్డ కొలుస్తున్నాడు.

"మామా, ఫారం ఏమైంది?"

"చూద్దాం లేరా. మా అన్న కాస్త చల్లబడనీ."

"మీ అన్న చల్లబడే రోజు మనమందరం స్మశానంలో ఉంటాం. ఆఖరు తారీకు దగ్గరికొచ్చింది."

"నేను ఎవరితోనూ కొట్లాడలేను రా అబ్బీ. దేవుడు నన్ను ఆ కొయ్యతో చేయలేదు. దాని దుఃఖం ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. అది చాలదా?"

"చాలదు మామా."

మామ గుడ్డకు కత్తెరతో గాటు పెట్టి రెండు చేతులా పట్టి చింపినాడు. ఆయన చింపితే గీత గీసినట్టు పోతుందని పేరు. ఆ రోజు వంకరపోయింది. కొన్నాయన "ఏంది సెట్టీ ఇది" అంటే, ఆ ముక్క పక్కన పడేసి, కొత్తగా కొలిచి ఇచ్చినాడు. పాడైన గుడ్డను అట్లా మార్చి ఇయ్యగలిగిన మనిషి ఆయన. నేను మెట్లు దిగి వచ్చేసినాను. తారీకు దాటిపోయింది. ఆ రాత్రి మిద్దె మీద కొత్త ప్లేట్లు దిగినాయి కిందికి. లోటా మోగింది.

ఆ తర్వాత కూడా నేను సెలవులకు పోయినప్పుడల్లా మామ పక్కన కూచునేవాణ్ణి. మనిషి మీద కోపం, పాట మీద ఇష్టం, రెండూ ఒకే గోనెపట్ట కింద. పాట ఎట్లా వినాలో నేర్పింది ఆయనే. మాట ఎట్లా మింగాలో చూపించింది కూడా ఆయనే.

పదకొండో రోజుకు నేను ఊరికి పోయినాను. అరుగు మీద పెద్దసెట్టి కండువాతో కండ్లొత్తుకుంటా వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు. "దేవుడయ్యా నా తమ్ముడు. పుట్టిన్నుంచీ ఈ అన్నకు ఒక్క మాట ఎదురు చెప్పి ఎరగడు." వచ్చినవాళ్ళందరూ తలలూపినారు. నేను కూడా ఊపినాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన జీవితం మీద అంత నిజమైన మాట, అంత చెడ్డ మాట, ఇంకొకటి లేదు.

భోజనాలైనాక వదిన మా ఇంటి పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో రాత్రి ప్లేట్ల కొయ్యపెట్టె.

"ఇది నువ్వు తీసుకో అబ్బీ."

"నాకెందుకు వదినా. మామ నీ కోసం కొన్నవి."

"అందుకే ఇస్తాండా" అన్నది. పెట్టె కింద పెట్టి మా గడప మీద కూచుంది. తర్వాత అన్నది, "నాకు ఏడుపు పాటలు పడవు రా. చిన్నప్పట్నుంచీ పడవు. నీకు తెలీదా?"

నాకు తెలుసు. నా నెత్తిన కాకి గూడు పెట్టిన మనిషి కదా.

"మరి ఆ లోటా?"

"మొదటి రాత్రి, చాలు నాయనా అని తట్టినా. ఇంకోటి పెట్టినాడు. మళ్ళా తట్టినా, చాలు అని. మళ్ళా పెట్టినాడు. పైన మా నాయన ఏడుస్తాండేది గవాక్షిలోంచి నాకు ఇనపడతాండాది. ఇంగేం చేసేది. ఆయప్పకు పాట కావాల, నేను ఏడుస్తాండానని కావాల. తర్వాత్తర్వాత ఆయప్ప కోసమే తట్టినా."

మా అమ్మ లోపల్నుంచి వచ్చి తలుపు పట్టుకోని నిలబడింది.

"ఆ రాయచోటి అబ్బాయి మొగం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదత్తా. పాపం, మంచోడే. ఎన్నేండ్లని ఏడ్చేది? అంగట్లో నవ్వు ప్లేట్లు ఉండేవి, ఇద్దరు మొగుడూ పెండ్లాలు కొట్లాడేది. అవి ఒక్కటన్నా దింపలేదు. మొగుడు పోయిన దానికి ఇవే తగునని ఆయప్ప కూడా అనుకున్యాడు. మా పెదనాయన గదిలో పెట్టినాడు, మా నాయన దాంట్లోకి ఏడుపు పోసినాడు. ప్రేమగానే పోసినాడు లే."

నా వైపు తిరిగింది. "ఆ ట్రైనింగు ఇప్పుడు పోతే తీసుకుంటారా?"

పొద్దున్నే మేం ముగ్గురం బయలుదేరినాం, మా అమ్మ, వదిన, నేను. అరుగు మీద పెద్దసెట్టి పండ్లపుల్ల నములుతున్నాడు. ఆ పొద్దు వదిన ఆయనకు ఎదురుగా వచ్చింది.

"యాడికి?" అన్నాడు.

"కర్నూలుకు పెదనాయనా."

"ఎవర్ని అడిగి?"

"అడగాల్సినాయన పోయినాడు" అన్నది వదిన.

పెద్దసెట్టి పుల్ల ఉమ్మి, మొగం గోడవైపు తిప్పుకున్నాడు. అడ్డం మాత్రం రాలేదు. ఇంతకాలం ఇంత చిన్న అడ్డమా ఇది అని నాకు దిమ్మ తిరిగింది. ఒక్క మాటకు పక్కకు తిరిగే మొగం కోసం మా మామ జన్మంతా ముండ్లు ఏరినాడు.

ట్రైనింగు బడిలో గుమాస్తా మంచివాడే. వదిన పాసైన కాగితం చూసినాడు, పుట్టిన తేదీ చూసినాడు, వేళ్ళ మీద లెక్క వేసినాడు. మళ్ళీ వేసినాడు, ఈసారి మాకు అనుకూలంగా రావాలన్నట్టు.

"వయసు దాటిందమ్మా. విధవలకని సడలింపు ఉండాది. అది కలిపినా దాటింది." నా వైపు తిరిగి, "మూడేండ్ల ముందు తెచ్చింటే పిలిచి పీటేసేవాళ్ళం కదప్పా. టీచరమ్మలు దొరక్క చస్తాండాం" అన్నాడు.

మా అమ్మ బతిమాలింది. నేను ఇంగ్లీషులో మాట్లాడి చూసినాను, మన దేశంలో అదే ఆఖరి ఆయుధం కాబట్టి. వదిన ఏమీ అడగలేదు. "ఒకసారి బడి చూసి పోవచ్చునా?" అన్నది, అంతే. కిటికీలోంచి చూసింది. లోపల ఒక అమ్మాయి బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తా ఉంది. గీత వంకరపోతే తుడిచి మళ్ళీ రాస్తా ఉంది. వదిన ఆ అక్షరాలు అయిపోయేదాకా నిలబడి, "పోదాం పాండి" అన్నది.

సాయంత్రం ప్యాసింజరులో జనం తక్కువ. వదిన కిటికీ దగ్గర కూచుంది. మా అమ్మ రొట్టె విప్పి ఇస్తే తీసుకుంది గానీ తినలేదు. వెల్దుర్తిలో మా రైలుపెట్టెలోకి ఒక పాటగాడు ఎక్కినాడు. అతుకుల కోటు, చేతివేళ్ళ సందున రెండు పగిలిన బడిపలక ముక్కలు. వాటిని టకటకలాడిస్తా ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. ఊపిరి తీసుకునేది కూడా వినిపించే గొంతు. తల్లి పోయింది, తోడు పోయింది, దారి చీకటైంది అని ఏదో పాట. మామ ఉంటే కోటు పట్టుకోని పక్కన కూచోబెట్టుకునేవాడు.

వదిన రొట్టె ముక్క అతని చేతిలో పెట్టింది.

"ఇది వద్దప్పా. ఇంకోటేదన్నా పాడు. నవ్వొచ్చేది."

పాటగాడు ఆగి, ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడు; మొగంలో తెలుస్తా ఉంది, లోపల ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నట్టు.

"నాకొచ్చేటివి అన్నీ ఇట్లాంటివే తల్లీ" అన్నాడు చివరికి. "అడిగేవాళ్ళు ఇవే అడుగుతారు."

"అయితే ఊరికే కూచో" అన్నది వదిన. "తిను."

అతను వాకిలి దగ్గర కాళ్ళు బయటికి వేలాడేసి కూచున్నాడు. రొట్టె తిన్నాడు. బయట నల్లరేగడి, ఎర్రగుట్టలు, మళ్ళీ నల్లరేగడి పోతా ఉన్నాయి. బండి కుదుపులకు వేళ్ళ సందునున్న పలకముక్కలు వాటంతట అవే ఒకసారి టక్కుమన్నాయి. అతను వదినవైపు దొంగచూపు చూసి, వాటిని పిడికిట్లోకి తీసుకున్నాడు. డోన్ వచ్చేదాకా ఆ పిడికిలి విప్పలేదు.